గొడుగంత దారి

మొన్న ప్లాస్టిక్ బకెట్ ఒకటి కొనడానికి జగ్గయ్యపేట వెళ్ళాను. నందిగామలో బకెట్లు దొరకవా అని మా ఆవిడ అడిగింది. దొరుకుతాయి. కానీ పేట మెయిన్ బజార్లో, పెళ్ళికి ముందు నేను అద్దెకున్న గది కింద ఒక ప్లాస్టిక్ సామాన్ల కొట్టు ఉంది. పాత అద్దెదారుడినన్న అభిమానంతో అక్కడ రేటు తగ్గిస్తారని నాకొక నమ్మకం. ఇంతవరకు ఒక్కసారీ తగ్గించలేదు. నమ్మకం మాత్రం తగ్గలేదు.

నేను బస్సు దిగి వెళ్ళేసరికి ఎండ చల్లబడింది. కొట్లవాళ్ళు మధ్యాహ్నం లోపల పెట్టిన సామాను మళ్ళీ బయటికి సర్దుతున్నారు. ప్లాస్టిక్ కొట్లో కొత్తగా చేరిన పనివాడొకడు స్టూళ్ళ దొంతర మోసుకొచ్చి, సైడు కాలవ మీది సిమెంటు పలకల మీద పెట్టాడు. గల్లా దగ్గర కూర్చున్న కొట్టాయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"గొడుగు పెట్టి చూశావా?"

పనివాడు మేకుకి వేలాడుతున్న నల్ల గొడుగు తీసి విప్పాడు. నడుం దాకా దించి పట్టుకుని, స్టూళ్ళకీ బకెట్ల వరసకీ మధ్య ఒకసారి నడిపించాడు. గొడుగు అంచు స్టూలుకి తగిలింది. మోకాలితో దొంతరని వెనక్కి నెట్టి, ఇంకోసారి నడిపించి, గొడుగు మడిచి మేకుకి తగిలించాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పక్కన స్టీలు సామాన్ల కొట్టు ముందు కూడా ఎవరో గొడుగు విప్పి ఉన్నారు. ఊరికి కొత్తవాళ్ళెవరైనా చూస్తే, వాన గురించి పేటకి ముందుగా ఏదో కబురందిందనుకుంటారు.

నేను బకెట్ సంగతి కాసేపు పక్కన పెట్టాను.

"ఆ గొడుగు ఆవిడ ఇంకా వస్తున్నారా బాబాయ్?"

కొట్టాయన అప్పుడు తల ఎత్తాడు. "లేరు సారూ. ఎండాకాలంలో పోయారు. వారం రోజులు కూడా మంచాన లేరు."

ఫోను గల్లా మీద బోర్లా పెట్టాడు.

"బకెట్ ఏ రంగుదివ్వమంటారు?" అన్నాడు తర్వాత. బజార్లో సంతాపం అంతకన్నా పొడుగ్గా ఉండదు. ఉంటే కొనేవాళ్ళు పక్క కొట్టుకి పోతారు.

ఆవిడ పేరు నాకు తెలుసు, కానీ రాయను. తన పేరు నలుగురిలో వినపడటం ఆవిడకి నచ్చేది కాదు. చేసిన ఉద్యోగం అట్లాంటిది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, లోకానికి ఆపరేటర్ల అవసరం తీరిపోయాక అదే ఆఫీసులో ఏవో కాగితాలు చూసి రిటైరయ్యారు. ఎవరైనా మాట్లాడుతుంటే తల కొంచెం ఎడమకి వంచి, కుడి అరచేతిని చెవికి ఆనించుకునేవారు. హెడ్‌సెట్ ఎప్పుడో తీసేశారు గాని చెయ్యి ఒప్పుకోలేదు. ఫోనెత్తితే హలో అనరు, "చెప్పండి" అంటారు. ఎదుటివాళ్ళ మాట పూర్తయిందనిపిస్తే "అయిందాండీ?" అని ఒకసారి అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోతారు. మొదట్లో నేనిది పొగరనుకున్నాను. టైమైపోయిన కాల్‌ని కట్ చేసే అలవాటని తర్వాత తెలిసింది. అందులో కోపం ఉండదు. ప్రేమ కూడా ఉండదు. లైను ఖాళీ చెయ్యాలి, అంతే.

వీటన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటుంది. "ఫర్లేదండి, ఉంటాను."

ట్రంకు కాల్ రోజుల్లో హైదరాబాదు లైను దొరికేదాకా ఇటు ఒకళ్ళు, అటు ఒకళ్ళు విసుక్కుంటుంటే, ఇద్దరికీ మధ్య కూర్చుని ఉండటమే ఆవిడ పని. అట్లా ఉండటం ఆవిడకి బాగా వచ్చు. దానితో ఒక బజారుని కదిలించవచ్చని మాత్రం ఎవరూ అనుకోలేదు.

మెయిన్ బజార్లో నడిచేవాళ్ళకి చోటు లేదనడం అన్యాయం. రోడ్డు మధ్యలో చోటుంది. బైకులు, ఆటోలు, బస్తాలు దించే లారీ, ఆ లారీ వెనక హారన్ కొట్టే కారు, ఆ కారుకి అడ్డంగా ఏ తొందరా లేని ఒక గేదె, వీటన్నిటి మధ్య ఎవరైనా నడవొచ్చు. రెండు పక్కలా సైడు కాలవల మీద, మనుషుల కోసమని వేసిన సిమెంటు పలకలున్నాయి. ఆ పలకల మీద స్టూళ్ళు, బిందెలు, ఉల్లిపాయల బస్తాలు, నైటీలు తొడిగిన బొమ్మలు ఏటేటా కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ వచ్చాయి. బొమ్మలు నీడలో నిలబడేవి, మనుషులు ఎండలో నడిచేవాళ్ళు. దీని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. గరికపాడు నుంచి పెళ్ళి బట్టలకి వచ్చినవాళ్ళు రోడ్డు మధ్యలోనే ఆగి, చీర రంగు మీద ఒక నిర్ణయానికి వచ్చాకే కదిలేవాళ్ళు. బైకులవాళ్ళు వాళ్ళని చుట్టి పోయేవాళ్ళు. అందరం అలవాటు పడ్డాం.

అప్పట్లో నేను నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి, సాయంత్రానికి పేట వచ్చేవాణ్ణి. ఒకరోజు గది మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే ఒకావిడ వచ్చి ప్లాస్టిక్ స్టూళ్ళ ముందు ఆగారు. తెల్లటి నేత చీర, బిగించి చుట్టిన ముడి, చంకలో మడిచిన గొడుగు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు కొట్టాయన.

"అటు వెళ్ళాలండి."

"ఇట్టా రోడ్డు మీదికి దిగి పోండమ్మా. అందరూ అట్టానే పోతారు."

"నేను దిగనండి. మీరు తీరిగ్గానే తియ్యండి. ఫర్లేదు, ఉంటాను."

ఉన్నారు. మొహంలో విసుగు లేదు, నవ్వు లేదు. కొట్టాయన లోపలికెళ్ళి వేరే బేరం చూసుకున్నాడు. ఆవిడ అట్లాగే ఉన్నారు. ఇంతలో మార్కెట్ సంచీతో ఒకావిడ వచ్చి, వెనక నిలబడి, "ఏవండీ, ఇక్కడ ఏమన్నా ఫ్రీగా ఇస్తున్నారా?" అని అడిగింది.

"ఇస్తారనుకుంటున్నానండి," అన్నారీవిడ.

ఆ మాటకి ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇద్దరు చేరారు. కొట్టాయన బయటికొచ్చి చూసేసరికి, కొట్టు పెట్టాక మొదటిసారి తన గుమ్మం ముందు క్యూ ఉంది. అందులో ఒక్కళ్ళూ ఏమీ కొనడం లేదు. ఆ దృశ్యం ఏ వ్యాపారీ ఎక్కువసేపు చూడలేడు. స్టూళ్ళు పక్కకి లాగాడు.

"అయిందాండీ?" అని ఆవిడ ముందుకెళ్ళి ఉల్లిపాయల బస్తాల ముందు ఆగారు.

"ఫర్లేదండి, ఉంటాను," అనడం నాకు మెట్ల మీదికి వినపడింది.

అట్లా రోజూ సాయంత్రం వచ్చేవారు. కొన్ని రోజుల తర్వాత, ఉల్లిపాయల కొట్టు దగ్గర బాగా ఆలస్యమైందేమో, వచ్చి మా మెట్ల మీద కూర్చున్నారు. నేను మంచినీళ్ళిచ్చి, ఊరుకోలేక, "మీరు దేని మీద పోరాడుతున్నారో చెబితే పేపరు వాళ్ళకి చెప్పొస్తానండీ," అన్నాను.

"పోరాటమేం లేదు మాస్టారూ. మా ఆయన్ని టీకి తీసుకెళ్ళాలి."

ఆయనెవరో చెప్పాక నాకు వెంటనే గుర్తొచ్చారు. విజయవాడ రూటులో చాలాకాలం బస్సు కండక్టరు. నేను చదువుకునే రోజుల్లో ఆయన బస్సులోనే వేలాడేవాణ్ణి. కాలు పెట్టే చోటు లేకపోయినా, వెనక మెట్టు మీద నిలబడి, "ముందంతా ఖాళీయే, జరగండి" అనేవారు. ఆ ఖాళీ కోసం నేను చాలాసార్లు ముందుదాకా వెళ్ళి చూశాను. అక్కడ డ్రైవరు తప్ప కూర్చున్నవాళ్ళెవరికీ ఊపిరాడేది కాదు.

రిటైరయ్యాక ఆయన సాయంత్రాలన్నీ బజారు చివర టీ కొట్టు బెంచీ మీద గడిచేవట. ముగ్గురు నలుగురు పాత సావాసగాళ్ళు, టీ, రాజకీయం. తర్వాత పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయి, చాలావరకు తిరిగొచ్చింది. కుడి చేత్తో కర్ర, ఎడమ చెయ్యి ఆవిడ భుజం మీద. అట్లా అయితే నడుస్తారు. వరండాలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడుస్తున్నారు.

"ఆటోలో తీసుకెళ్ళొచ్చుగా అండీ?"

"అడిగాను. బజారుకి ఆటోలో వచ్చేది సరుకు, నేను సరుకునా అన్నారు."

"పోనీ టీ ఇంటికి తెప్పిస్తే?"

"తెప్పించాను మాస్టారూ. ఒక గుటక తాగి గ్లాసు దించేశారు. బాగాలేదా అంటే, బెంచీ లేదన్నారు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చెవి మీద చెయ్యి అట్లాగే ఉంది.

"మాట తగ్గిపోతోందండి. నోరు బాగానే తిరుగుతోంది, డాక్టరు గారు కూడా చెప్పారు. మాట్లాడటానికే మనుషులు లేరు. నాతో ఏం మాట్లాడతారు? నేను రోజంతా జనం మాటలు విని ఇంటికొచ్చి నోరు మూసుకుని కూర్చున్నదాన్ని. ఆయనకి బస్సు నిండా మనుషులు కావాలి. నిన్నయితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. ఇంక ఇట్టా వదిలేస్తే ఉన్నది కూడా పోద్దని భయంగా ఉంది."

రోడ్డు మీద నడిపించలేరట. హారన్ వినపడితే ఆయన ఎడమ కాలు కదలదు. పలకల మీదయితే నడుస్తారు. కాకపోతే ఆవిడ వెనకో ముందో ఉంటే కుదరదు, పక్కన ఉండాలి.

"ఇంట్లో గొడుగు విప్పి ఇద్దరం కింద నిలబడి చూశాం. మేమిద్దరం, ఆయన కర్ర, సరిగ్గా పట్టాం. అంత దారి చాలు. ఇప్పటికి ఒక మనిషి పట్టేంత వచ్చింది. ఇంకాస్త రావాలి."

బజారు మొదట్లో మందుల షాపు నుంచి చివర టీ కొట్టు దాకా, రెండు పక్కల్లో ఒక పక్కన, గొడుగంత దారి. ఆవిడకి కావలసింది అంతే. ప్రభుత్వాలు ఇంతకన్నా పెద్దవి చాలా ఇస్తామంటుంటాయి గాని, ఇది ఎవరి జాబితాలోనూ లేదు.

"అయిందాండీ?" అని లేచి వెళ్ళిపోయారు.

ఆ మర్నాటి నుంచి గొడుగు విప్పుకుని రావడం మొదలుపెట్టారు. వాన లేదు, ఎండ లేదు. విప్పిన గొడుగుతో పలకల మీద నేరుగా నడుస్తారు. తగిలిన చోట ఆగుతారు. "ఫర్లేదండి, ఉంటాను." ఆ గొడుగుకి వేలాడేవన్నీ తగులుకునేవి. ఒకసారి నైటీల కొట్టు దగ్గర ఊదారంగు నైటీ ఒకటి హ్యాంగరుతో సహా గొడుగు మీదికెక్కి, స్టీలు కొట్టు, ప్లాస్టిక్ కొట్టు దాటి ఉల్లిపాయల దాకా ఊరేగింది. ఆవిడ చూసుకోలేదు. నైటీల కొట్టాయన వెనకే పరిగెత్తుకొచ్చి, "అమ్మా, మా నైటీ," అన్నాడు.

ఆవిడ తల ఎత్తి చూసి, "మీదేనా అండి? పలకల మీద ఉంటే ఎవరిదో తెలియలేదు," అన్నారు.

మర్నాడు నైటీలన్నీ గోడ వైపుకి జరిగాయి.

ఇంతలో ఆవిడకి ఒక పొరపాటు సాయం చేసింది. పేటవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది.

ఎప్పుడైనా మునిసిపాలిటీ జీపు మైకు పెట్టుకుని, సామాను లోపల పెట్టుకోవాలని చెబుతూ బజార్లోకి వచ్చేది. జీపు వస్తుంటే సామాను లోపలికి వెళ్ళేది. జీపు మలుపు తిరగ్గానే సామాను బయటికొచ్చేది. ఆ ఇద్దరికీ మధ్య చక్కటి అవగాహన ఉండేది. ఒక సాయంత్రం జీపు వచ్చిన వేళకి ఆవిడ కూడా గొడుగుతో బయల్దేరారు. రోడ్డు మీద జనం ఎక్కువై జీపు కదల్లేక మెల్లగా పాకుతోంది. ఆవిడ పలకల మీద ఆగినప్పుడల్లా, దారి లేక జీపు కూడా ఆగింది. ఆవిడ కదిలితే అదీ కదిలింది. కొట్లవాళ్ళు గుమ్మాల్లోంచి చూశారు. ముందు గొడుగు పట్టుకున్న పెద్దావిడ, వెనక ఆవిడ నడకకి సరిపెట్టుకుంటూ ప్రభుత్వ జీపు.

చీకటి పడేలోపు బజారంతా ఒక మాట మీదికి వచ్చింది. ఆవిడ కమిషనర్ గారి తల్లి.

నిజమా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఎవరూ అడగలేదు గనక ఆవిడ చెప్పలేదు. మందుల షాపాయన ఒక్కడు తెగించి, "అమ్మా, మీ అబ్బాయితో మా బోర్డు సంగతి ఒక మాట చెప్పాలి," అన్నాడట.

"మాకు పిల్లల్లేరండి," అన్నారట ఆవిడ.

మందుల షాపాయన మొహం మాడ్చుకుని వచ్చి అందరికీ చెప్పాడు. "కొడుకుతో మాటల్లేవంట. పిల్లలే లేరంటోంది పాపం. మనసు ఎంత విరిగిపోయిందో."

అక్కణ్ణుంచి భయానికి జాలి కూడా తోడైంది. "ఎంత కమిషనరైతే మాత్రం, కన్నతల్లిని ఇట్టా బజార్లో తిప్పుతాడా," అని స్టీలు కొట్టాయన బిందెలు వెనక్కి జరుపుతూ బాధపడ్డాడు. ఆ కమిషనర్ బదిలీ మీద వెళ్ళిపోయాడు, ఇంకొకాయన వచ్చాడు. బజారు మాత్రం ఆవిడ హోదా తగ్గించలేదు. కొత్తాయనకి కూడా ఆవిడే తల్లి. ఇదెట్లా కుదురుతుందని ఒకసారి మా ప్లాస్టిక్ కొట్టు బాబాయిని అడిగాను.

"మనకెందుకు సారూ పెద్దోళ్ళ ఇళ్ళల్లో సంగతులు," అన్నాడు.

అసలు సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. మార్కెట్ తనంతట తాను బాగుపడుతుంటే మధ్యలో జోక్యం చేసుకోకూడదని మా సబ్జెక్టులో ఒక వాదన ఉంది. దాన్ని నేను నమ్మిన సందర్భం అదొక్కటే.

ఆవిడ పద్ధతి చూసి నాకూ ఉత్సాహం వచ్చింది. నందిగామలో మా కాలేజీకి వెళ్ళే దారిలో, నడిచే పలకల మీద ఒక చెరుకు రసం బండి ఉండేది. ఒకరోజు దాని ముందు ఆగి, తల కాస్త వంచి, "ఫర్లేదు, నేనుంటాను," అన్నాను.

"ఉండండి సార్. ఐసు వెయ్యమంటారా?" అన్నాడతను.

రసం బాగుంది. బండి అక్కడే ఉంది.

ఇది ఆవిడకి చెబితే మొదటిసారి నవ్వారు. "మీరు తర్వాత ఎక్కడికో వెళ్ళాలన్నట్టు నిలబడి ఉంటారు మాస్టారూ. అది వాళ్ళకి తెలిసిపోద్ది," అన్నారు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం గొడుగు లేకుండా వచ్చారు. పక్కన ఆయన. కుడి చేతిలో కర్ర, ఎడమ చెయ్యి ఆవిడ భుజం మీద. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. బస్సులో నేనెరిగిన మనిషిలో సగమే ఉన్నారు గాని, కళ్ళు అవే. ఎవరైనా టికెట్టు లేకుండా నిలబడ్డారేమో అన్నట్టు రెండు పక్కలా చూసుకుంటూ వస్తున్నారు. ఇద్దరూ, కర్ర, సరిగ్గా ఆ ఖాళీలో పట్టారు. మా కొట్టు ముందుకి రాగానే బాబాయి గల్లా వదిలి బయటికొచ్చాడు.

"ఈయన మన కండక్టర్ గారు కదూ?"

"ఆఁ," అన్నారాయన. ఆ ఒక్క మాటకే ఆవిడ ఆయన మొహంలోకి చూశారు.

"ఈవిడ..." బాబాయి ఆగిపోయాడు.

"మా ఆవిడ," అన్నారు కండక్టర్ గారు. మాట కొంచెం సాగింది గాని తడబడలేదు.

బజారు ఈ కబురుని జీర్ణం చేసుకోవడానికి మర్నాటిదాకా పట్టింది. పొద్దున్న మా మెట్ల దగ్గర స్టీలు కొట్టాయన, మందుల షాపాయన, బాబాయి నిలబడి ఉన్నారు. ముగ్గురి మొహాల్లోనూ ఏదో పోగొట్టుకున్న దిగులు.

"మీకు తెలుసా సారూ? ఆమె కమిషనర్ తల్లి కాదంట."

"అట్లాగా," అన్నాను.

"అయితే మనం ఇన్నాళ్ళూ ఎవరికి భయపడి సామాను జరిపినట్టు?" అన్నాడు బాబాయి.

స్టీలు కొట్టాయన ఆలోచించాడు. "ఆమెకే."

"ఆమె ఏమన్నా అన్నదా మనల్ని?"

"ఏమీ అన్లా. అదే కదా."

ఆ సాయంత్రం బాబాయి మనసు మార్చుకుని, పరువు దక్కించుకోవడానికి అన్నట్టు స్టూళ్ళ దొంతరని పాత చోటికి జరిపాడు. అందరూ చూస్తున్నారు. వాళ్ళు వచ్చారు. దొంతర ముందు ఆగారు. ఆవిడ ఎప్పటిలాగే తల వంచి, "ఫర్లేదండి, ఉంటాం," అన్నారు. పక్కన ఆయన కర్ర మీద బరువు మార్చుకుని, ఎదురుగా బాబాయిని చూస్తూ నిలబడ్డారు. బాబాయి ఒక నిమిషం కూడా ఓర్చుకోలేకపోయాడు.

"నువ్వేం చూస్తున్నావురా, ఆ స్టూళ్ళు తియ్," అని పనివాడి మీద అరిచాడు. ఆ వేళ పనివాడు సెలవు. తనే తీశాడు.

టీ కొట్టు బెంచీ మీద ఆ సాయంత్రం ఏం జరిగిందో నేను చూడలేదు. తర్వాత చూసిన రోజుల్లో ఆవిడ మాత్రం బెంచీ మీద కూర్చునేవారు కాదు. ఆయన్ని దించి, ఎదురు కొట్టు అరుగు మీద కూర్చుని, చెవికి చెయ్యి ఆనించుకుని వింటుండేవారు. తర్వాత నేను మామూలుగా, "ఎట్లా ఉన్నారండీ ఆయన?" అని అడిగితే, "నిన్న ఇంటికొచ్చాక కూడా మాట్లాడుతూనే ఉన్నారు మాస్టారూ. పడుకోమని నేనే అనాల్సొచ్చింది," అన్నారు. విసుక్కుంటున్నట్టే అన్నారు. అంత సంతోషాన్ని అంత విసుగ్గా చెప్పగలిగినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

పలకల మీద దారి పడ్డాక మిగతావాళ్ళూ నడవడం మొదలుపెట్టారు. చంటిపిల్లల తల్లులు, కాలేజీ పిల్లలు, పెళ్ళి బట్టలవాళ్ళు. నడిచేవాళ్ళు కొట్టు గుమ్మానికి దగ్గరగా నడుస్తారు గనక, లోపలికి చూస్తారు. చూసినవాళ్ళలో కొందరు లోపలికొస్తారు. బేరాలు పెరిగాయని కొట్లవాళ్ళు ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు నాతో చెప్పారు. దారి వదలడమనే ఆలోచన మొదట తనదేనని కూడా ఎవరికి వాళ్ళు చెప్పారు. తర్వాత నాకు పెళ్ళయింది, నందిగామకి కాపురం మారాను.

"మరి ఆయన?" అని అడిగాను బాబాయిని, బకెట్ పట్టుకుని. ఆకుపచ్చది. తగ్గించలేదు.

"వస్తారు సారూ, వేళయింది. ఆమె పోయిన తర్వాత కొన్నాళ్ళు రాలా. ఇంక రారనుకున్నాం. ఒకరోజు చూస్తే మందుల షాపు ముందు కర్ర పట్టుకుని ఒక్కరే నిలబడి ఉన్నారు. అక్కడిదాకా గోడలు పట్టుకుని వచ్చారంట. ముందుకి రాలేరు, వెనక్కి పోరు. మందుల షాపాయన వచ్చి ఎడమ పక్కన నిలబడ్డాడు. తన కొట్టు చివరిదాకా తీసుకొచ్చాడు. అక్కణ్ణుంచి నైటీలాయన, ఆ తర్వాత స్టీలాయన, ఆ తర్వాత నేను. ఎవరం అనుకున్నది కాదు. కొట్టు వదిలి అంతదూరం ఎవరు పోతారు సారూ, ఎవరి కొట్టు మేరకి వాళ్ళం."

ట్రంకు కాల్ ఇట్లాగే వెళ్ళేదని ఆవిడ ఒకసారి చెప్పారు. పేట వాళ్ళు నందిగామకి అందిస్తే, నందిగామ వాళ్ళు బెజవాడకి అందిస్తారట. అందుకున్నవాళ్ళు వదలకుండా ఉంటే చాలట.

మేం మాట్లాడుతుండగానే ఆయన వచ్చారు. స్టీలు కొట్టాయన భుజం ఇచ్చి తీసుకొస్తున్నాడు. ఆ సమయానికి బాబాయికి బేరం తగిలింది. పెళ్ళివారు, కుర్చీలు అడుగుతున్నారు. బాబాయి అటు చూసి, ఇటు చూసి, "సారూ, మీరు కాస్త మన కొట్టు చివరిదాకా..." అన్నాడు.

బకెట్ అక్కడ పెట్టి ఎడమ పక్కకి వెళ్ళాను. చెయ్యి నా భుజం మీద పడింది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. నన్ను ఆయన గుర్తుపట్టలేదు. నేను మొదలుపెట్టిన నడక వేగం చూసి, "మా ఆవిడ ఇంకా నిదానం," అన్నారు. తగ్గించాను.

ప్లాస్టిక్ కొట్టు దాటే చోట, పక్కనున్న రెడీమేడ్ బట్టల కొట్టు ముందు, పలకల మీద అడ్డంగా ఒక బైకు ఆగి ఉంది. ఎవరూ లేరు. గొడుగు పెట్టి చూశాక వచ్చి ఉంటుంది.

"దిగి వెళ్దామా అండీ? ఒక్క అడుగే," అన్నాను, రోడ్డు వైపు చూస్తూ. రోడ్డు మీద ఆటో ఒకటి హారన్ కొట్టింది. భుజం మీద చెయ్యి బిగుసుకుంది.

ఆయన బైకుని చూశారు. జీవితమంతా మనుషుల్ని తోసి, గదిమి, అరిచి ముందుకు పంపిన మనిషి. ఇప్పుడూ ఏదో అరుస్తారనుకున్నాను. అరవలేదు. తల కొంచెం ఎడమకి వంచారు.

"ఫర్లేదు. ఉందాం," అన్నారు.

ఉన్నాం. మా వెనక సంచులతో ఒకావిడ ఆగింది. ఆవిడ వెనక ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. "ఏంటి ఆగింది?" అని ఒకమ్మాయి, "బండి అడ్డం ఉందంట," అని రెండోది. "రోడ్డు మీంచి పోవచ్చుగా?" "వద్దులే, ఉందాం. వీళ్ళూ ఉన్నారు." ఇంకెవరో వచ్చి చేరారు. నాకు తర్వాత ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేనట్టు నిలబడటానికి ప్రయత్నించాను. ఈసారి కుదిరిందనుకుంటాను.

కొట్లోంచి ఒకతను కొత్త ప్యాంటు తొడుక్కుని, నడుం దగ్గర అట్టముక్క ఇంకా వేలాడుతుండగా, అద్దంలో చూసుకోవడం ఆపి గుమ్మం దాకా వచ్చాడు. కర్రని, నన్ను, మా వెనక వరసని చూశాడు. వచ్చి బైకు రోడ్డు మీదికి దించి, లోపలికి వెళ్ళిపోయాడు.

అవతల ఉల్లిపాయల కొట్టాయన చేతులు దులుపుకుంటూ తన హద్దు దగ్గరికి వచ్చి సిద్ధంగా నిలబడ్డాడు. అతని వెనక, టీ కొట్టు బెంచీ దాకా, పలకలన్నీ సాయంత్రం వెలుగులో కనిపిస్తున్నాయి. కండక్టర్ గారు ఒకసారి అంత దూరమూ చూసుకుని, వెనక్కి తిరక్కుండానే, వరసలో ఆఖరివాళ్ళకి కూడా వినపడేట్టు అన్నారు.

"ముందంతా ఖాళీయే. జరగండి."

నేనెరిగినంతలో ఆయన నోట ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి.